బండి పేరు కాదు, పెట్టె మీది నంబరు చూడండి



ఈసారి పురుగు గురించి కాదు, ఆకు గురించి కాదు, బండి గురించి రాస్తున్నాం. బండి గోల మనకెందుకు అనుకోవద్దు. రాత్రనకా పగలనకా పురుగు మేపి, చంద్రికల మీద నుంచి గూళ్లు విప్పినాక, ఆ కష్టమంతా ఒక పాత పికప్ వెనకాల ఎక్కుతుంది. ఆ పికప్‌లో ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని ఈసీయూ అంటారు, కొందరు మెకానిక్కులు ఈసీఎం అంటారు, మనవాళ్లు కంప్యూటర్ అంటారు. ఇంజిన్‌లో డీజిల్ ఎప్పుడు పడాలి, ఎంత పడాలి అని చెప్పేది అదే. అది చెడితే బండి రాయితో సమానం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పాత బండికి కంప్యూటర్ మార్చాల్సి వస్తే "అదే మోడల్, అదే సంవత్సరం" అనే మాట నమ్మి కొనకండి. పెట్టె మీది నంబరు కలిస్తేనే కొనండి. ఆ నంబరును బండి బాగున్నప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి. ఈ రెండు మాటలు తెలీక మేము ఎంత పోగొట్టుకున్నామో చదవండి.

మేము వి.కోట దగ్గర నలుగురు రైతులం కలిసి ఒక పాత పికప్ పెట్టుకున్నాం. 2013 మోడల్. కంపెనీ పేరు అవసరం లేదు, ఎందుకంటే ఈ కథ ఏ కంపెనీ బండికైనా జరిగేదే. పోయిన పంటలో రెండు ఇళ్ల బైవోల్టిన్ గూళ్లు, 190 కిలోల దాకా వేసుకుని రాత్రి రామనగరం బయలుదేరినాం. ముళబాగిలు, కోలారు, హొసకోటె దాటి, కె.ఆర్.పురం దగ్గర రింగ్ రోడ్డు పట్టుకుని వస్తే సరిగ్గా సిల్క్ బోర్డు జంక్షన్ దగ్గర బండి ఆగిపోయింది. ఆ జంక్షన్‌కు ఆ పేరు ఎందుకొచ్చిందో మీకు తెలుసు. మన కేంద్ర సిల్క్ బోర్డు ఆఫీసు అక్కడే, మడివాళ బీటీఎం లేఔట్‌లో ఉంది. బెంగళూరు జనానికి మాత్రం సిల్క్ బోర్డు అంటే ట్రాఫిక్ జామ్. ఆ తెల్లవారుజామున అదే సిల్క్ బోర్డు ముందర పట్టు రైతులమే జామ్ అయి నిలబడినాం.

తోసుకుంటూ పోయి మడివాళలో ఒక షెడ్డు దగ్గర పెట్టినాం. మెకానిక్ వచ్చి తాళం తిప్పినాడు. ఇంజిన్ గుర్తు లైటు వెలగలేదు. స్కానర్ పెట్టినాడు, బండితో మాట్లాడలేదు. "కంప్యూటర్ పోయింది. నా దగ్గర ఇదే మోడల్‌ది సెకండ్ హ్యాండ్ ఉంది, రెండు గంటల్లో పెట్టిస్తా, పాతది నాకిచ్చేయండి" అన్నాడు. వెనకాల గూళ్లు ఉంటే బేరం ఆడే ధైర్యం ఎవరికి ఉంటుంది? సరే అన్నాం. పాత పెట్టె విప్పినాడు, కొత్తది పెట్టినాడు. సాకెట్లు టక్కున కూర్చున్నాయి. బండి స్టార్ట్ అయింది. మేము దేవుడికి దండం పెట్టుకుని కదిలినాం.

కెంగేరి దాటేసరికి బండి లాగడం లేదు. వెనక నల్ల పొగ. బిడది దగ్గర మళ్లీ ఆగిపోయింది. వేరే బండి మాట్లాడి గూళ్లు మార్చుకుని పోయేసరికి ఆ రోజు వేలం అయిపోయింది. మరుసటి రోజు అమ్మినాం. సంచుల్లో ఉన్న గూడు వేడెక్కుతుంది, బరువు తగ్గుతుంది, రీలర్ చెయ్యి పెట్టి చూడగానే కనిపెడతాడు. కిలోకు 60 రూపాయలు తక్కువ పలికింది. అంటే ధరలోనే 11,400 పోయింది. పెట్టె ఖర్చు, రెండో బండి బాడుగ వేరే.

అసలు దెబ్బ ఇంటికి వచ్చినాక తెలిసింది. పలమనేరులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ ఒక పూట కూర్చుని చూసినాడు. మా పాత కంప్యూటర్ చెడినట్టు గుర్తే లేదు. చెడింది ఎర్త్ వైరు. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజిన్‌కు పోయే ఎర్త్ వైరు కొస తుప్పు పట్టి తినేసి ఉంది. మడివాళలో పెట్టె మార్చేటప్పుడు బ్యాటరీ వైర్లు తీసి మళ్లీ బిగించినందున కాసేపు కరెంటు అంది బండి నడిచింది, బిడది దగ్గర మళ్లీ వదిలేసింది. తుప్పు ఎందుకు పట్టిందంటే తప్పు మాదే. ప్రతి పంటకూ షెడ్డుతో పాటు బండికి కూడా బ్లీచింగ్ నీళ్లు కొట్టేవాళ్లం. రోగం రాకూడదని చేసిన పని ఇనుమును, రాగిని తినేసింది.

ఎర్త్ బాగు చేసినాక కూడా బండికి పొగ, లాగకపోవడం పోలేదు. దానికి కారణం మార్చిన పెట్టె. అది మా బండిది కాదు. పాతది అడుగుదామని మళ్లీ మడివాళ పోతే, దాన్ని ఎవరికో అమ్మేసినాడు. దాని నంబరు మా దగ్గర లేదు. ఒక ఫోటో కూడా లేదు. మెకానిక్‌ను ఒక్కడినే తిట్టి లాభం లేదు. అడగకుండా ఇచ్చింది మేమే కదా.

ఇక్కడ ఒక ప్రశ్న. మోడల్ ఒకటే, సంవత్సరం ఒకటే, సాకెట్ ఒకటే. మరి ఎందుకు సరిపోలేదు?

మన భాషలో చెప్తాం. సీఎస్ఆర్2, సీఎస్ఆర్4 సంకరం గుడ్లు, ఎఫ్‌సీ1, ఎఫ్‌సీ2 డబుల్ హైబ్రిడ్ గుడ్లు పక్కపక్కన పెడితే చూపుతో చెప్పగలరా? చెప్పలేరు. చీటీ చూస్తారు. జాతి ఏది, లాట్ నంబరు ఎంత, పొదిగిన తేదీ ఏది అని చదువుతారు. చీటీ లేని గుడ్లు ఉచితంగా ఇచ్చినా మనం తీసుకోం. ఈసీయూ కూడా అంతే. పైన అల్యూమినియం డబ్బా ఒకటే. లోపల రాసిన ప్రోగ్రాం వేరు. డీజిల్ ఎంత చల్లాలి, పొగను వెనక్కి తిప్పే ఈజీఆర్ వాల్వ్ ఎంత తెరవాలి, టర్బో ఒత్తిడి ఎంత ఉండాలి, అన్నీ ఆ ప్రోగ్రాంలోనే ఉంటాయి. ఇంజిన్‌లో ఏ రకం ఇంజెక్టర్ ఉందో, ఏ రకం సెన్సార్ ఉందో దానికి తగ్గట్టు కంపెనీ రాసి పెడుతుంది.

మన ప్రాంతానికి ఇంకొక ముఖ్యమైన మెలిక ఉంది, దీన్ని చాలామంది మెకానిక్కులే మర్చిపోతారు. 2010 ఏప్రిల్ నుంచి బెంగళూరు, హైదరాబాద్, చెన్నై లాంటి 13 నగరాల్లో బీఎస్-4 బండ్లే అమ్మాలన్నారు. అదే సమయంలో మిగతా దేశంలో బీఎస్-3 నడిచింది. మధ్యలో కొన్ని రాష్ట్రాలకు దశలవారీగా వచ్చి, 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 అయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. దీని అర్థం ఏమిటి? 2013లో చిత్తూరులో కొన్న పికప్, అదే నెలలో బెంగళూరులో కొన్న పికప్ పేరుకు కవలలు, లోపల వేరు. మాది బీఎస్-3. మడివాళలో మాకు పెట్టిన పెట్టె బెంగళూరు బండిది, బీఎస్-4. మనం సరిహద్దు దాటి రోజూ పోయి వచ్చేవాళ్లం. మన బండి ఆంధ్రది, పాత సామాను బెంగళూరుది. మోసం ఎవరూ చేయకపోయినా తప్పు జరిగే చోటు ఇదే.

ఇప్పుడు మేము దెబ్బ తిని నేర్చుకున్నది వరసగా చెప్తాం.

మొదటిది. మీ బండికి అసలు ఈ కంప్యూటర్ ఉందా చూడండి. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ లాంటి పాత బండ్లలో డీజిల్ కొట్టేది మెకానికల్ పంపే. కామన్ రైల్ బండ్లలో ఇంజిన్ పైన ఒక లావు ఇనుప గొట్టం, దాని నుంచి ఒక్కో ఇంజెక్టర్‌కు సన్న ఇనుప పైపు, ఇంజెక్టర్ నెత్తిన కరెంటు సాకెట్ ఉంటాయి. అది ఉంటే ఈసీయూ ఉన్నట్టే. ఒక హెచ్చరిక: ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపులు వదులు చేయకండి. లోపల వెయ్యి బార్ దాటిన ఒత్తిడి ఉంటుంది. ఆ డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

రెండోది. కంప్యూటర్ పోయిందని ఎవరైనా అంటే వెంటనే నమ్మకండి. ఎక్కువసార్లు పోయేది దాని చుట్టూ ఉన్నవే. బ్యాటరీ బాగుందా, స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజీ 10 కంటే బాగా కిందికి పడుతోందా? ఫ్యూజు, మెయిన్ రిలే సరిగా ఉన్నాయా? ఎర్త్ వైరు శుభ్రంగా ఉందా? ఎలుకలు వైర్లు కొరికినాయా? మల్బరీ కొమ్మల పక్కన నిలిపే బండికి ఎలుకల బాధ ఎక్కువ. ఇంకొకటి ఉంది. ఈసీయూ సెన్సార్లకు 5 వోల్టుల కరెంటు పంపుతుంది. ఒక్క సెన్సార్ లోపల షార్ట్ అయితే ఆ 5 వోల్టులు కూలిపోయి, అన్నీ చెడినట్టు కనిపిస్తుంది. ఒక్కో సెన్సార్ సాకెట్ పీకుతూ 5 వోల్టులు తిరిగి వస్తాయేమో చూడమనండి. ఇవన్నీ చూడకుండా పెట్టె విప్పే మెకానిక్, ఆకు చూడకుండా పురుగుకు మందు చల్లేవాడి లాంటివాడు.

మూడోది. నిజంగానే పెట్టె పోతే, దాని మీది స్టిక్కర్ చదవండి. అందులో సాధారణంగా రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి పెట్టె తయారు చేసినవాళ్లది. ఉదాహరణకు బాష్ డీజిల్ ఈసీయూ అయితే 0 281తో మొదలయ్యే పది అంకెల నంబరు. 0 261తో మొదలైతే అది పెట్రోలు బండిది. రెండోది బండి కంపెనీ ఇచ్చిన పార్ట్ నంబరు. రెండూ కలవాలి. ఒక అంకె తేడా ఉన్నా ఆగండి. ఇవి కాక లోపల సాఫ్ట్‌వేర్ నంబరు ఒకటి ఉంటుంది. అది స్కానర్‌లో కనిపిస్తుంది, వీలైతే రాసి పెట్టుకోండి. పెట్టె నంబరు ఒకటే ఉన్నా సాఫ్ట్‌వేర్ వేరుగా ఉండొచ్చు.

నాలుగోది. స్టిక్కర్ చిరిగిపోయినా, మా మాదిరి పెట్టే పోయినా దారి ఉంది. ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు తీసుకుని ఆ కంపెనీ షోరూమ్ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌కు పోండి. ఫ్యాక్టరీలో ఆ బండికి ఏ పార్ట్ నంబరు పెట్టినారో వాళ్ల కంప్యూటర్‌లో వస్తుంది. పాత నంబరు ఆపేసి ఉంటే దాని బదులు ఏ కొత్త నంబరు వచ్చిందో కూడా వస్తుంది. ఇదే అసలు తాళంచెవి. పాత బండికి నంబరు వేరుగా ఉన్నా సరిపోయే పెట్టె ఏదో చెప్పగలిగేది ఈ బదులు నంబరే. నంబరు వేరు, కానీ సరిపోతుంది అని నోటిమాటగా చెప్తే వినకండి, బదులు నంబరు రాసి చూపించమనండి. నంబరు రాసేటప్పుడు ఒక గుర్తు: ఛాసిస్ నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు వాడరు. గుండ్రంగా కనిపిస్తే అది సున్నా, నిలువుగా ఉంటే ఒకటి.

ఐదోది. నంబరు కలిసినా పని అయిపోలేదు. తాళంచెవిలో ఇమ్మొబిలైజర్ ఉన్న బండి అయితే పాత తాళంచెవికి కొత్త పెట్టెకు జత కలపాలి, లేదంటే స్టార్ట్ కాదు. చాలా కామన్ రైల్ ఇంజెక్టర్ల నెత్తిన ఒక కోడ్ చెక్కి ఉంటుంది. అలాంటి బండి అయితే, సెకండ్ హ్యాండ్ పెట్టెలో వేరే బండి ఇంజెక్టర్ల కోడ్లు ఉంటాయి కాబట్టి మన నాలుగు కోడ్లు స్కానర్‌తో ఎక్కించాలి. పాత పెట్టె కొంచెమైనా ప్రాణంతో ఉంటే దానిలోని సమాచారమంతా చదివి కొత్తదానిలోకి దించే పనివాళ్లు ఉన్నారు. అందుకే పాత పెట్టె ఎవరికీ ఇవ్వొద్దు. చచ్చిందన్నా ఇవ్వొద్దు. బాగు చేయించుకోవడానికి అయినా పనికొస్తుంది.

మేము చివరికి షోరూమ్ కౌంటర్‌లో నంబరు తెచ్చుకుని, బెంగళూరు జె.సి.రోడ్డు, శివాజీనగర్ మూడుసార్లు తిరిగి, సరిగ్గా ఆ నంబరు పెట్టె పట్టుకున్నాం. బిల్లు మీద నంబరు రాయించుకున్నాం, "పని చేయకుంటే వాపసు" అని కూడా రాయించుకున్నాం. బిల్లు లేకుండా కొంటే అది ఏ దొంగబండి పెట్టో మనకు తెలీదు. చాలా పెట్టెల్లో పాత బండి ఛాసిస్ నంబరు లోపల ఉండిపోతుంది, రేపు తలనొప్పి మనకే. ఇంజెక్టర్ కోడ్లు ఎక్కించినాక మా బండి ఇప్పుడు పొగ లేకుండా ఘాట్ ఎక్కుతోంది.

కొందరు అన్నలు అంటారు: "ఇంత తలనొప్పి ఎందుకు, పాతది అమ్మేసి లోన్ మీద కొత్తది తీసుకుంటే పోలేదా?" పోదు. కంతు నెలనెలా కట్టాలి, గూళ్ల రేటు నెలనెలా ఒకటే ఉండదు. ఇంజిన్ గట్టిగా ఉన్న బండిని ఒక పెట్టె కోసం తుక్కుకు వేయడం, ఒక వరుసకు రోగం వచ్చిందని తోటంతా పీకేసినట్టు. ఇంకొందరు అంటారు: "కంప్యూటర్ తీసేసి మెకానికల్ పంపు పెట్టించేయండి." అది కూడా మాకు నచ్చదు. పంపు మారిస్తే ఇంజెక్టర్లు మారాలి, పొగ లెక్క మారుతుంది, ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, అక్కడ ఇరుక్కుంటాం. సరైన నంబరు వెతుక్కోవడమే అన్నిటికంటే చౌక.

"అందరికీ కొత్త పెట్టే కొనమని చెప్పండి, గొడవ ఉండదు" అని కూడా అంటారు. దొరికితే, చేతిలో డబ్బు ఉంటే అదే మేలు, మేమూ ఒప్పుకుంటాం. కానీ పాత మోడళ్లకు కొత్త పెట్టె దొరకడమే కష్టం. దొరికినా ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. గూడు ఎదురుచూడదు, లోపల పురుగు చిలుక అయి బయటికి వస్తుంది.

ఇక కంపెనీలతో మాకున్న మాట ఒకటి. ఏ నంబరు బదులు ఏ నంబరు అనే పట్టిక వాళ్ల దగ్గర ఉంది. దాన్ని బయటి మెకానిక్కులకు, రైతులకు తెలిసేలా ఎందుకు పెట్టరు? అమెరికాలో పాత బండ్ల యార్డులకు హోలాండర్ అనే పట్టిక ఉంది. ఏ బండి భాగం ఏ బండికి సరిపోతుందో అందులో చూసి అమ్ముతారు. యూరప్‌లో బయటి మెకానిక్కులకు కూడా మరమ్మత్తు సమాచారం ఇవ్వాలని కంపెనీల మీద చట్టమే ఉంది. మన దేశంలో 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో ఆటోమొబైల్, వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. మంచిదే. కానీ పాత పికప్ నడిపే రైతుకు కావాల్సింది ఈ నంబర్ల పట్టిక. అది అడగడం మన హక్కు. కొన్న చోట మోసం జరిగితే బిల్లు చేతిలో పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

వాళ్లు ఇచ్చేదాకా మనం ఖాళీగా ఉండక్కర్లేదు. ఈ గ్రూపులోనే మొదలుపెడదాం. ప్రతి ఒక్కరూ బండి బాగున్నప్పుడే ఈసీయూ స్టిక్కర్ ఫోటో తీయండి. కింద బండి మోడల్, సంవత్సరం, బీఎస్ ఎంత అని రాసి గ్రూపులో పెట్టండి. బీఎస్ సంగతి ఆర్‌సీలో ఉద్గార ప్రమాణం అనే చోట ఉంటుంది. ఛాసిస్ నంబరు మాత్రం గ్రూపులో పెట్టొద్దు, అది మీ దగ్గరే ఉంచుకోండి. రేపు ఒకరి బండి దారిలో ఆగితే, ఏ నంబరు వెతకాలో, అదే నంబరు బండి ఇంకెవరి దగ్గర ఉందో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

పోయే ముందు మూడు జాగ్రత్తలు. బండికి బ్లీచింగ్, క్లోరిన్ డయాక్సైడ్ కొడితే వెనక తొట్టికే కొట్టండి, తర్వాత మంచినీళ్లతో కడగండి, బానెట్ లోపల, డాష్‌బోర్డు కింద చుక్క పడనీయొద్దు. ట్రేల కోసం క్యారియర్ వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ వైర్లు, ఈసీయూ సాకెట్ పీకించండి. దారిలో బండి ఆగితే ముందు వేరే బండి మాట్లాడి గూళ్లు పంపండి, ఆ తర్వాతే మెకానిక్‌ను పిలవండి. మేము వరస తిరగేసినాం, మీరు అలా చేయొద్దు.

మా బండి నంబరు ఫోటో ఈ రాతతో పాటే గ్రూపులో పెడుతున్నాం. రెండోది ఎవరిదో చూద్దాం.